నాలుగంగుళాల మర్యాద

ముందే చెప్పేస్తున్నాను, నాకు మెషీన్లంటే పగ లేదు. మా షాపులో కాలితో తొక్కే కుట్టుమిషన్లకి మోటార్లు పెట్టించిందీ నేనే, ఆవిరి ఇస్త్రీపెట్టె కొనిపించిందీ నేనే. కాజాల మిషన్ వచ్చిన రోజు ఇంట్లో బిడ్డ పుట్టినంత సంబరపడ్డాను. కాబట్టి నేను పాతకాలపు మొండిఘటాన్ననీ, కొత్తది కనిపిస్తే నాకు ఒళ్లు మంటనీ మా బావమరిది చెబితే నమ్మకండి. నాకు ఒళ్లు మండేది మెషీన్లని చూసి కాదు, వాణ్ణి చూసి.

వాడంటే చిన్నోడు. మా ఆవిడ తమ్ముడు. నలభై ఆరేళ్లొచ్చాయి, జుట్టు సగం నెరిసింది, అయినా ఇంటా బయటా చిన్నోడే. బట్టలు కుట్టే ఈ షాపు పెట్టింది మా మామ. నేను ఆయన దగ్గర పనికి చేరి, కత్తెర పట్టడం నేర్చుకుని, ఆ తర్వాత ఆయనకి అల్లుణ్ణయ్యాను. మామ పోయాక కౌంటరూ లెక్కలూ చిన్నోడివి, కటింగ్ బల్ల నాది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ బల్ల ముందే నిలబడుతున్నాను. నేను నిలబడేచోట గచ్చు అరిగి రెండు పాదాల గుర్తులు పడ్డాయి. వానాకాలం తడిగుడ్డతో తుడిస్తే వాటిలో నీళ్లు నిలుస్తాయి.

ఇక్కడ మా షాపు గుట్టు ఒకటి విప్పాలి. మాది ఇరుకు షాపు. ఒకరికి కొలతలు తీస్తుంటే మరో నలుగురు బెంచీ మీద కూర్చుని వింటుంటారు. టేపు పట్టినవాడు కొలత పైకి చెబుతాడు, కౌంటరు దగ్గరవాడు పుస్తకంలో రాస్తాడు. భుజం పద్దెనిమిది అంటే ఎవడూ పట్టించుకోడు. నడుము నలభై నాలుగు అంటే చాలు, బెంచీ మొత్తం తలెత్తి చూస్తుంది. మామ కొత్తగా షాపు పెట్టిన రోజుల్లో ఇలాగే ఒక హెడ్మాస్టరుగారి నడుము పైకి చెబితే, ఆయన కొలతల మధ్యలోనే చొక్కా సర్దుకుని వెళ్లిపోయాడట. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఆ రోజు నుంచీ మామ ఒక పద్ధతి పెట్టాడు. నడుము కొలత మాత్రం నాలుగంగుళాలు తగ్గించి చెప్పాలి. చెప్పిందే పుస్తకంలోనూ రాయాలి, ఎందుకంటే పుస్తకం కౌంటరు మీదే పడి ఉంటుంది, ఎవరైనా తిరగేయొచ్చు. గుడ్డ కత్తిరించేటప్పుడు కటింగ్ మాస్టరు మనసులో ఆ నాలుగూ కలుపుకోవాలి. లావుగా ఉన్నవాళ్లకి తగ్గిస్తే సరిపోతుంది కదా, బక్కవాళ్లకి ఎందుకని నేనొకసారి తెలివిగా అడిగాను. అప్పటికింకా అల్లుణ్ణి కాలేదు కాబట్టి ఆయన మొహమాటపడకుండా చెప్పాడు.

"లావువాళ్లకే తగ్గిస్తే, తగ్గించినవాళ్లంతా లావని మనమే చాటినట్టు కాదురా వెధవా? మర్యాదంటే అందరికీ ఒకటే."

ఆయన పుణ్యమా అని ఊళ్లో సగంమందికి తమ అసలు నడుమెంతో తెలీదు. వాళ్ల సైజు అనుకున్న రెడీమేడ్ ప్యాంటు తొడుక్కుని, అది తొడ దాటకపోతే, కంపెనీవాళ్లు దొంగ సైజులు వేస్తున్నారని తిట్టుకుంటూ మా దగ్గరికొస్తారు. మేము కుట్టింది అతికినట్టు సరిపోతుంది. మా వ్యాపారం ఇన్నేళ్లు నడిచింది సగం కత్తెర మీద, సగం ఆ నాలుగంగుళాల మీద.

ఈ సంగతి చిన్నోడికి మాత్రం తెలీదు. ఇరవై ఏళ్లుగా ఆ అంకెలు తన చేత్తో రాస్తున్నవాడు వాడే, వాటిలో అబద్ధం ఉందని తెలీనివాడూ వాడే. ఎందుకంటే వాడి నోట్లో నువ్వుగింజ నానదు. షాపులో నేనేమన్నానో నేను ఇల్లు చేరేలోగా మా ఆవిడకి చేరిపోతుంది. మామ చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, నడుము సంగతి వాడి చెవిన పడనివ్వొద్దని మాట తీసుకున్నాడు. తన నడుము ముప్పై నాలుగని చిన్నోడు ఈనాటికీ ఛాతీ విరుచుకుని తిరుగుతున్నాడు. వాడి ప్యాంట్లు కత్తిరించే నాకు తెలుసు అదెంతో.

ఇక ట్యాబ్ సంగతికొస్తాను. ఒకరోజు మెడలో కార్డు తగిలించుకున్న సేల్స్ మనిషి ఒకాయన వచ్చి, కొలతల పుస్తకాలకి కాలం చెల్లిందని చిన్నోడికి గంటన్నర పాఠం చెప్పాడు. కొలతలన్నీ ట్యాబ్‌లోకి ఎక్కిస్తే, అవి నేరుగా ఒక కటింగ్ యూనిట్‌కి వెళ్తాయి, అక్కడ మెషీన్ ఒక్క గంటలో యాభైమంది కోట్లకి గుడ్డ కోసేస్తుంది, మనం కుట్టుకుంటే చాలు. కొలతలు ఎక్కడ ఉంటాయని అడిగాను. భద్రంగా ఉంటాయి, మా కంపెనీవాళ్లు తప్ప వేరెవ్వరూ చూడరు అన్నాడు. కంపెనీలో ఎంతమందని అడిగితే గర్వంగా మూడొందలమంది అన్నాడు. మా బెంచీ మీద పట్టేది నలుగురే బాబూ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, చిన్నోడు నాకేసి కళ్లెర్రజేశాడు.

తర్వాత చిన్నోడు ట్యాబ్‌లో ఖర్చుల పట్టిక తీసి చూపించాడు. దారానికీ కరెంటుకీ మధ్యలో 'బావ' అని నా పేరున ఒక గడి ఉంది. దాని కింద ఇంకో గడి, 'వేస్టేజీ'. అదేమిటంటే, కుట్టు లోపల నేను వదిలే గుడ్డట. ప్రతి కోటుకీ రెండు వేళ్ల వెడల్పు చొప్పున ఏడాదికి ఎంత గుడ్డ తగలేస్తున్నానో లెక్కగట్టాడు. ఒరేయ్, ఆ గుడ్డ మనిషి రేపు ఒళ్లు చేస్తే విప్పి వదలడానికిరా, అది వేస్టు కాదు, ముందుచూపు అన్నాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

పాత పుస్తకాలన్నీ ముందేసుకుని పదిరోజుల్లో వాడు కొలతలన్నీ ట్యాబ్‌లోకి ఎక్కించాడు. ఎక్కించగానే ఆ ట్యాబ్ ప్రతి కస్టమరుకీ వాళ్ల కొలతలు మెసేజి పంపింది. ఇన్నాళ్లూ నోటిమాటగా విన్న నడుము ఇప్పుడు షాపు ముద్రతో రాతపూర్వకంగా వచ్చేసరికి జనం పొంగిపోయారు. ఒకాయన ఆ మెసేజి తన డాక్టరుకి చూపించి, బరువు తూచే మెషీను మార్చుకోమన్నాడట. వారంలో పదిమంది కొత్త కస్టమర్లు వచ్చారు. చూశావా బావా టెక్నాలజీ అంటే ఇదీ అని చిన్నోడు బల్ల గుద్దాడు. నా బల్లే.

సరిగ్గా అప్పుడే ప్లీడర్ల సంఘం నుంచి ఆర్డరు వచ్చింది. వార్షికోత్సవానికి అందరూ ఒకేరకంగా దిగాలని ఇరవై ఆరు నల్లకోట్లు. అందరూ మా పాత కస్టమర్లే, అందరి కొలతలూ ట్యాబ్‌లో ఉన్నాయి. చిన్నోడు మొత్తం కటింగ్ యూనిట్‌కే పంపుతానన్నాడు. ఈ ఆర్డరు బాగా వస్తే ఇక బల్లతో పని లేదని, దాని చోటులో నిలువుటద్దాలతో ట్రయల్ రూము కట్టిస్తానని, ట్రయల్ అయ్యాక వచ్చే సోమవారమే బల్ల విప్పడానికి వడ్రంగికి చెప్పేశానని కూడా అన్నాడు. ఇది ఎప్పుడన్నాడంటే, మధ్యాహ్నం ఇద్దరం ఒకే క్యారియర్లో అన్నం తింటున్నప్పుడు. నాకు కూర వడ్డిస్తూ అన్నాడు.

"నువ్వింక రెస్టు తీసుకో బావా. కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లని పలకరిస్తే చాలు."

ముప్పై ఒక్క ఏళ్లు కత్తెర ఆడించినవాణ్ణి, గుమ్మం దగ్గర నమస్కారాలు పెట్టుకుంటూ కూర్చోవాలట. అయినా తమాయించుకుని, కోసేముందు ఒకసారి అందరికీ మళ్లీ కొలతలు తీద్దాం అన్నాను. ఉన్న కొలతలే మళ్లీ తీస్తే డబుల్ ఖర్చు అన్నాడు. కనీసం నడుమన్నా చూద్దాంరా అన్నాను. బావకి బల్ల పోతుందని బెంగ అని కుట్టుపనివాళ్లిద్దరి ముందూ నవ్వాడు. అంతే, నాకు తిక్క లేచింది. పోతే పోనీ అనుకున్నాను. మామకి మాట ఇచ్చాను కదా, నోరు విప్పకూడదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వారానికి కోసిన గుడ్డలు మూటలుగా వచ్చాయి. చిన్నోడి ఎదురుగానే నేను మూట విప్పి ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి చూశాను. కోత మాత్రం అద్భుతం, అబద్ధమెందుకు, నా చెయ్యి కూడా అంత శుభ్రంగా పోదు. చెప్పింది చెప్పినట్టు కోసింది మెషీను. సంఘం ప్రెసిడెంటుగారి కోటు ముందుభాగాలు రెండూ దగ్గరికి జరిపి చూస్తే, అది ఆయన పొట్టని సగంలోనే వదిలేస్తుందని తెలిసిపోయింది. కుట్టు లోపల వదిలిన గుడ్డ అరంగుళం కూడా లేదు. మళ్లీ మూట కట్టి, బాగుందిరా అని కుట్టుపనివాళ్లకి ఇచ్చేశాను.

శనివారం కోర్టు అయ్యాక ప్లీడర్లంతా ట్రయల్‌కి వచ్చారు. షాపులో కాలు పెట్టే సందు లేదు. చిన్నోడు కొత్త చొక్కా వేసుకుని, ట్యాబ్ చంకలో పెట్టుకుని, ఎవరైనా నచ్చలేదంటే రాసుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. నేను నా బల్లకి ఆనుకుని, తమాషా చూద్దామని చేతులు కట్టుకున్నాను.

మొదటాయన తెర వెనక్కి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, భేషుగ్గా ఉందన్నట్టు తలూపాడు. మాట్లాడితే గుండీ నిలవదు మరి. రెండో ఆయనా అంతే. మూడో ఆయన అద్దంలో తనని తాను చూసుకుని, ఫోనులో మెసేజి చూసుకుని, మళ్లీ అద్దం చూసుకుని దిగాలుపడ్డాడు. నాకు అప్పుడు వెలిగింది. కొలత రాతపూర్వకంగా ఉంది, కోటు ఆ కొలత ప్రకారమే ఉంది, కాబట్టి నేరం పొట్టదే. కోర్టులో నోరు తెరిస్తే జడ్జి ఆపమన్నా ఆపనివాళ్లు, సొంత పొట్ట తరఫున ఒక్కరు వాదిస్తే ఒట్టు.

బదులుగా ఒక్కొక్కరే నెమ్మదిగా నా బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఈ మధ్య పెళ్లి భోజనాలు ఎక్కువయ్యాయి మాస్టారూ, నడుం దగ్గర రవ్వంత వదలండి, మూడో కంటికి తెలీకూడదు అని ఒకాయన నా చెవిలో అన్నాడు. ఆయన అటు వెళ్లగానే ఇంకొకాయన. ఒకాయన ఈ రోజు నుంచే రాత్రి భోజనం మానేస్తానని నాకు మాటిచ్చాడు, నేనేదో వాళ్లమ్మనైనట్టు. ఇరవైమంది దాకా వచ్చి ఇదే ముక్క చెప్పి, ఏమీ ఎరగనట్టు బెంచీ మీద కూర్చున్నారు. అందరూ ఊపిరి బిగబట్టే ఉన్నారు. చిన్నోడు నా దగ్గరికొచ్చి, ఒక్క కంప్లైంటు లేదు బావా అని ట్యాబ్‌లో ఖాళీ పేజీ చూపించాడు. వాడి మొహం వెలిగిపోతోంది. నాకు నవ్వు ఆగలేదు. సరే, సోమవారం నా బల్ల పోతే పోయింది, ఈ వినోదం చాలు అనిపించింది.

అప్పుడు తెర తీసుకుని, ఊళ్లో అందరూ పుల్ల ప్లీడరనే ఆయన బయటికొచ్చాడు. ఆయన మనిషి మొత్తం కలిపినా గాలివానకి ఎగిరిపోయేలా ఉంటాడు. నడుము ఇరవై ఆరని మెసేజి వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లోవాళ్లు భయపడి పొద్దుటా సాయంత్రం పాలూ గుడ్లూ పెడుతున్నారట. ఆయన ఊపిరి బిగబట్టలేదు, పొట్ట లోపలికి లాగలేదు, లాగడానికి లేదు కూడా. గుండీ పట్టని కోటుతో షాపు మధ్యలో నిలబడి అందరినీ చూపిస్తూ అన్నాడు.

"వీళ్లంతా లావెక్కారంటే నమ్ముతాను. నేనెక్కడ లావెక్కానయ్యా?"

చిన్నోడు నవ్వి, సిస్టంలో తప్పు ఉండదు సార్, మీరే చూడండని గోడ మీది టేపు తీశాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు టేపు పట్టడం అదే మొదలు. పుల్ల ప్లీడరు నడుం చుట్టూ వేసి చూశాడు. చూసి, విప్పి, మళ్లీ వేసి చూశాడు. తర్వాత ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్లి, సార్ ఒక్కసారి అని ఆయనకీ వేశాడు. వాడి పెదాలు కదలబోయాయి. వాడు అంకె పైకి అనేస్తాడనుకున్నాను. ఎందుకనో అనలేదు. నాకేసి చూసి, టేపు పట్టుకుని వెనక గదిలోకి పోయాడు.

నేను వెనకే వెళ్లేసరికి వాడు టేపు తన నడుముకే చుట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బావా, ఒకళ్లకి రెండు, ఒకళ్లకి అయిదు ఎక్కువుంటే తిండి అనుకుంటాను. అందరికీ సరిగ్గా నాలుగేంటి?"

ఇక దాచి లాభం లేదు. మామ పద్ధతి, హెడ్మాస్టరుగారు, అన్నీ చెప్పేశాను. వాడు విని, ఇరవై ఏళ్లు నా చేత్తో రాశానే, నాన్న నాకెందుకు చెప్పలేదని అడిగాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, కానీ నాకు చేతకాలేదు. నీ నోటి సంగతి తెలిసి చెప్పొద్దన్నాడు అన్నాను. వాడు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. బయట ప్లీడర్లు గుసగుసలాడుతున్నారు. వాడు అటు నడిచాడు. వెళ్లి మా నాన్నా మా బావా కలిసి మీ అందరికీ అబద్ధాలు చెప్పారండీ అంటాడు, ఇరవై ఆరుమంది ప్లీడర్ల ముందు, ఇక షాపుకి తాళమే అనుకున్నాను.

వాడు షాపు మధ్యలో నిలబడి చేతులు జోడించాడు.

"సార్, తప్పు నాది. మీ కొలతలు సరిగ్గానే ఉన్నాయి. కోతకి పంపేటప్పుడు నడుము దగ్గర నాలుగు తగ్గించి కొట్టాను, మెషీను నేను చెప్పిందే కోసింది. మీలో ఎవరూ అంగుళం కూడా పెరగలేదు."

ఇరవై అయిదు పొట్టలు ఒక్కసారి ఊపిరి వదిలాయి. మూడు గుండీలు ఊడి నేల మీద దొర్లాయి. పొట్టకి నిర్దోషని తీర్పు వచ్చింది కదా, ఇక అప్పుడు ప్లీడర్లు ప్లీడర్లయ్యారు. చేతకాకపోతే ఎందుకు ఒప్పుకున్నావని ఒకరు, నోటీసు పంపిస్తామని ఒకరు, మీ నాన్న ఉంటే ఇలా జరిగేదా అని ప్రెసిడెంటుగారు. ఇందాక నా చెవిలో గొణిగినవాళ్లే అందరికంటే గట్టిగా అరిచారు. చిన్నోడు కుక్కిన పేనులా అన్నీ పడ్డాడు. కొత్త గుడ్డ తన ఖర్చుతోనే తెప్పిస్తానని, వారంలో మా బావ స్వయంగా కోసి ఇస్తాడని చెప్పాడు. వాళ్ల నాన్న పేరెత్తినప్పుడు కూడా కిమ్మనలేదు. నేను బల్ల వెనక నిలబడి చూస్తూ ఉండిపోయాను. అరె, ఇందులో నాది కూడా ఉందయ్యా అని ఒక్క మాట నా నోట రాలేదు.

అందరూ వెళ్లాక వాడు గుండీలు ఏరి డబ్బాలో వేశాడు. ట్యాబ్ ఆపి సొరుగులో పెట్టాడు. నేను కాస్త ధైర్యం తెచ్చుకుని, భలే కాపాడావురా అన్నాను. వాడు నాకేసి చూడలేదు.

"బావా, ఆ రోజు మూట విప్పి ఒక్కొక్కటీ పరిచి చూశావు కదా. అప్పుడే తెలిసిందా నీకు?"

ఇరవై ఏళ్లు అంకె తగ్గించి చెప్పిన నోరు నాది. ఇప్పుడూ చెప్పొచ్చు. తెలీదురా, కుట్టాకే తెలిసిందని ఒక్క ముక్క అంటే వాడు నమ్ముతాడు కూడా.

"తెలిసింది" అన్నాను.

వాడు మధ్యాహ్నం తిన్న క్యారియరు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి సంచిలో పెట్టాడు. నేను మామకిచ్చిన మాట సంగతి ఎత్తబోయాను. అది సాకని నాకే తెలుసు, అందుకని మధ్యలోనే ఆపేశాను. వాడు తిడితే పడేవాణ్ణి, కానీ తిట్టలేదు. సంచి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

"వడ్రంగిని రావద్దన్నానులే. బల్ల ఎక్కడికీ పోదు. ఆ రోజు ఒక్కమాట చెప్పి ఉంటే అప్పుడు కూడా పోయేది కాదు బావా."

బల్ల నాకు దక్కింది. దాని ముందు నిలబడడానికే మొహం చెల్లలేదు. అయినా నిలబడ్డాను, ఇరవై ఆరుమందికి కోటు కోయాలి మరి.